డ్రైవరు చదువనిది వ్రాయనేల యను వాదమునకు ఖండనము

డ్రైవరు దేనిని చదువునో దానిని మాత్రమే వ్రాసిన చాలును, చదువని దానిని వ్రాయుట వృథాశ్రమ యను మాట నేడు కెర్నెల్ డ్రైవర్లు వ్రాయువారి నడుమ ప్రశ్నలేని సిద్ధాంతముగా చెల్లుచున్నది. ఒక అనలాగ్-డిజిటల్ కన్వర్టరును లినక్స్ కెర్నెలునకు పరిచయము చేయవలసి వచ్చినపుడు, ఆ చిప్పునకు ఏ యే పిన్నులున్నవో, అవి బోర్డుపై దేనికి కలుపబడినవో, దాని కొలతకు ఆధారమైన రెఫరెన్స్ వోల్టేజి ఎచ్చటినుండి వచ్చుచున్నదో చెప్పెడి డివైస్‌ట్రీ వర్ణనను, ఆ వర్ణన ఏ రూపమున నుండవలెనో శాసించెడి బైండింగును, తమ డ్రైవరునకు తోకగా తగిలించు సెట్టింగుల పట్టికగా వీరు భావింతురు. తమ డ్రైవరు ఇంటరప్టును వాడదు గనుక ఇంటరప్టు పిన్నును వదలివేయుదురు. తమ బల్లమీది బోర్డులో రెఫరెన్సు 3.3 వోల్టులే గనుక ఆ సంఖ్యను డ్రైవరులో స్థిరాంకముగా పాతివేయుదురు. రీసెట్ పిన్ను తమ బోర్డుపై ఒకచోట కట్టివేయబడియున్నది గనుక చిప్పునకు అట్టి పిన్ను కలదన్న సంగతినే విస్మరింతురు. అడిగినచో, "అవసరము వచ్చినపుడు చేర్చుకొందము లెండి" అని సమాధానము. ఇది సోమరితనమునుండి పుట్టిన వాదమని నేననను. సమర్థులు, అనుభవజ్ఞులు సైతము దీనిని నమ్మి పలుకుచున్నారు. వాడని దానిని వ్రాయరాదన్నది ప్రోగ్రాము రచనలో మంచి నియమమే. అయితే ప్రోగ్రామునకు చెల్లిన నియమము వర్ణనకు చెల్లదనియు, ఇచ్చట వర్ణింపబడునది డ్రైవరు కాక బోర్డు అనియు, ఈ భేదమును మరచుటచేత కలుగు నష్టము తుదకు కొలతలోని అసత్యముగా బయలుపడుననియు నా నిశ్చయము.

మొదట ఈ వర్ణన ఏల యవసరమైనదో స్మరింపవలెను. పీసీఐ, యూఎస్‌బీ మార్గములపై నుండు పరికరములు తమ జాతిని, తయారీదారును తామే చెప్పుకొనగలవు. కెర్నెలు అడుగును, పరికరము బదులు పలుకును. ఐ2సీ, ఎస్‌పీఐ మార్గములపై నుండు చిన్న చిప్పులకు సామాన్యముగా అట్టి శక్తి లేదు. తీగలకు ఆవలికొనను కూర్చున్న కన్వర్టరు ఏదో, అసలక్కడ ఏదైనను ఉన్నదో లేదో, ఎవరో ఒకరు ముందుగా చెప్పిననే ప్రాసెసరునకు తెలియును. ఆ చెప్పుటకు ఏర్పడిన పద్ధతి సన్ మైక్రోసిస్టమ్స్ వారి స్పార్క్ యంత్రములలో మొలకెత్తి, 1994లో ఐఈఈఈ 1275 ప్రమాణముగా స్థిరపడి, పవర్‌పీసీ యంత్రముల మీదుగా లినక్స్‌లోనికి వచ్చినది. ఏఆర్ఎమ్ ప్రాసెసర్ల ప్రపంచము మాత్రము చిరకాలము దీనిని స్వీకరింపలేదు. అచ్చట ప్రతి బోర్డునకును ఒక సీ ఫైలు. ఏ చిప్పు ఏ చిరునామాలో నున్నది, దాని రెఫరెన్సు ఎన్ని మిల్లీవోల్టులు అను సంగతులన్నియు కెర్నెలు కోడులోనే చెక్కబడియుండెడివి. బోర్డులు పెరిగినకొలది ఫైళ్లు పెరిగి, 2011 మార్చిలో లైనస్ టోర్వాల్డ్స్ అంతటివాడు ఈ అస్తవ్యస్తతను చూచి బహిరంగముగా విసిగికొనెను. ఆ పిమ్మటనే ఏఆర్ఎమ్ బోర్డులు వరుసగా డివైస్‌ట్రీకి మరలినవి. హార్డ్‌వేరును గూర్చిన సత్యమును కెర్నెలు కోడునుండి విడదీసి, దానిని స్వతంత్ర పత్రముగా నిలుపుట ఆ మార్పునకు ప్రాణము. డ్రైవరు చదువునది మాత్రమే వ్రాయుదమనువారు, తెలిసియో తెలియకయో, విడదీసిన దానిని మరల ముడివేయుచున్నారు. విడిచివచ్చిన బోర్డు ఫైలునే వేరొక వ్యాకరణములో తిరిగి వ్రాయుచున్నారు.

వారి వాదమున సత్యాంశము లేకపోలేదు. దానిని ముందుగా వారికి అప్పగించుట న్యాయము. చిప్పు పేరు చెప్పినంతనే సిద్ధించు సంగతులను వర్ణనలో మరల వ్రాయనక్కరలేదు. మైక్రోచిప్ వారి ఎంసీపీ3208 అనగానే అది 12 బిట్ల కన్వర్టరనియు, దానికి 8 ఛానెళ్లనియు తెలియును. లోకములో ఆ పేరుగల ప్రతి చిప్పును అట్టిదే. కనుక బిట్ల సంఖ్యను బోర్డుబోర్డునకు వ్రాయుమనుట అర్థరహితము, ఆ జ్ఞానము డ్రైవరులో ఉండదగినదే. చిప్పు తయారైనచోట నిర్ణయమైనది డ్రైవరునకు చెందును. బోర్డు గీచినచోట నిర్ణయమైనది వర్ణనకు చెందును. యంత్రము నడచునపుడు వినియోగించువాడు నిర్ణయించుకొనునది ఈ రెంటికిని వెలుపలిది. ఈ మూడు సీమలను గుర్తించినవారికి ఏది వ్రాయవలెనో, ఏది వ్రాయరాదో తెలియుట కష్టము కాదు. డ్రైవరు నేడు ఏమి చదువుచున్నదను ప్రశ్న ఈ మూడింటిలో దేనికిని హద్దురాయి కానేరదు.

రెఫరెన్స్ వోల్టేజి విషయమున ఇది అన్నిటికంటె స్పష్టముగా కన్పట్టును. కన్వర్టరు వోల్టేజిని కొలుచునని మనము వాడుకగా అందుము. యథార్థమునకు అది చెప్పునది ఒక నిష్పత్తి. లోనికి వచ్చిన వోల్టేజి రెఫరెన్సులో ఎన్నవ భాగమో అది చెప్పగలదు, అంతకు మించి దానికి తెలియదు. తక్కెడ ఎంత నిక్కమైనదైనను పళ్లెములో నున్న రాయి కిలోదో వీసెదో తెలియనిదే తూకము చెప్ప వీలులేనట్లు, రెఫరెన్సు తెలియని కన్వర్టరు ఇచ్చు సంఖ్యకు అర్థము లేదు. ఎంసీపీ3208 నుండి 2048 అను సంఖ్య వచ్చినదనుకొందము. ఇది 4096లో సగము. రెఫరెన్సు 5 వోల్టులైనచో కొలిచినది 2.5 వోల్టులు, 3.3 అయినచో 1.65, ఖచ్చితత్వము కోరి 4.096 వోల్టుల రెఫరెన్సు చిప్పును ప్రత్యేకముగా అమర్చుకొన్న బోర్డైనచో 2.048. ఒక్కటే సంఖ్య, మూడు సత్యములు. ఈ చిప్పులో అంతర్గత రెఫరెన్సు లేదు. బయటినుండి పిన్నుద్వారా రావలసినదే. వచ్చునది ఎంతయో చిప్పును అడిగి తెలిసికొనుటకు రిజిస్టరు కూడ లేదు. దానిని ఎరిగినది బోర్డు గీచిన ఇంజనీరు ఒక్కడే. అతని మాట కెర్నెలునకు చేరుటకు దారి వర్ణన ఒక్కటే.

ఇట్టిచోట ఒక డ్రైవరు రచయిత తన బోర్డును చూచి 3300 మిల్లీవోల్టులని కోడులో వ్రాసి, బైండింగునుండి రెఫరెన్సు సప్లైని తొలగించెననుకొనుడు. అతని కొలతలు సరిగనే వచ్చును, అతని పరీక్షలన్నియు నెగ్గును. 4.096 వోల్టుల రెఫరెన్సుగల బోర్డుపై అదే డ్రైవరు ప్రతి కొలతను ఇంచుమించు 19 శాతము తక్కువచేసి చెప్పును. లాగులో లోపసందేశము ఉండదు, కెర్నెలు ఆగిపోదు, డేటా అందినట్లే ఉండును. నడుచుచున్న యంత్రము అబద్ధము చెప్పుటకంటె నడువని యంత్రము మేలు; నడువనిదానిని ఎవరైనను బాగుచేయుదురు, అబద్ధము చెప్పుదానిని అనుమానించువారే ఉండరు. కెర్నెలులోని రెగ్యులేటరు వ్యవస్థ ఈ విషయమున ఎంత నిజాయితీగా ప్రవర్తించునో గమనింపదగినది. ఏదైన సప్లై వర్ణింపబడనిచో, విద్యుత్తు ఎల్లప్పుడు అందుచుండునని భావించి అది ఒక డమ్మీ రెగ్యులేటరును చేతికిచ్చును. కాని దాని వోల్టేజి ఎంత యని అడిగినచో సంఖ్యను కల్పింపక, లోపమును తిరిగి యిచ్చును. తెలియనిదానిని తెలియదనుట అది. కోడులో పాతిన స్థిరాంకము తెలియనిదానిని తెలిసినట్లు పలుకును. ఎంసీపీ3208 కుటుంబమునకు కెర్నెలులో నున్న బైండింగు రెఫరెన్సు సప్లైని తప్పనిసరి చేయుట ఈ కారణముచేతనే సమంజసము.

ఇంకను సూక్ష్మమైన చిప్పులు కలవు. అనలాగ్ డివైసెస్ వారి ఏడీ7124 అను 24 బిట్ల కన్వర్టరునకు నాలుగు రెఫరెన్సులలో ఒకదానిని ఎంచుకొను వీలున్నది: బయటి జతలు రెండు, లోపలి 2.5 వోల్టులది ఒకటి, అనలాగ్ సప్లైయే ఒకటి. ప్లాటినం ఉష్ణమాపకమును కొలుచు బోర్డులో ఒకే కరెంటును మాపకముగుండను, ఒక ఖచ్చితమైన రెసిస్టరుగుండను ప్రవహింపజేసి, ఆ రెసిస్టరుపై ఏర్పడిన వోల్టేజినే రెఫరెన్సుగా పెట్టుదురు. అప్పుడు కరెంటు కొంచెము అటునిటైనను నిష్పత్తి చెడదు. ఏ ఛానెలునకు ఏ రెఫరెన్సు అనునది అట్టి బోర్డులో రుచిభేదము కాదు, రాగితీగలతో గీయబడిన నిర్ణయము. దానిని బైండింగులో ఛానెలుఛానెలునకు చెప్పు వీలు కల్పించినవారు బోర్డును చూచి వ్రాసిరి, తమ డ్రైవరును చూచి కాదు.

ఇక పిన్నుల సంగతి. ఏడీ7606 అను చిప్పును దగ్గరగా పరికింతము. విద్యుత్ మార్గములను పర్యవేక్షించుటకు, రక్షించుటకు ఉద్దేశింపబడిన చిప్పు ఇది. ఎనిమిది ఛానెళ్లను ఒకే క్షణమున 16 బిట్లతో పట్టుకొనును. మూడు దశల వోల్టేజిని, కరెంటును ఒకే క్షణమున పట్టనిచో వాని నడుమ కోణభేదము తప్పును గనుక ఈ ఏకకాలికత దాని ప్రాణము. దీనికి రేంజి యను పిన్నొకటి కలదు. ఆ పిన్ను ఎత్తుగా నున్నచో ప్రవేశ పరిధి ధన ఋణ 10 వోల్టులు, ఒక్కొక్క మెట్టు సుమారు 305 మైక్రోవోల్టులు; పల్లముగా నున్నచో పరిధి ధన ఋణ 5 వోల్టులు, మెట్టు సుమారు 152 మైక్రోవోల్టులు. కొందరు ఈ పిన్నును ప్రాసెసరు జీపీఐఓకు కలుపుదురు. కొందరు బోర్డుపైననే సప్లైకో నేలకో శాశ్వతముగా కట్టివేయుదురు. కట్టివేసిన పిన్నును డ్రైవరు కదలింపలేదు, చదువలేదు. జీపీఐఓ చెప్పబడనిచో పిన్ను నేలకు కట్టబడినదనియు, పరిధి 5 వోల్టులనియు లినక్స్ డ్రైవరు చిరకాలము భావించుచు వచ్చినది. అట్లైన సప్లైకి కట్టిన బోర్డు తన గతి ఏమని మొరపెట్టుకొనవలెను? దాని కొలతలన్నియు సగమైపోవును. జీపీఐఓ ఉన్నదా లేదా యని మాత్రమే అడిగి, లేనిచో పిన్ను ఎట్లున్నదని అడుగని వర్ణన, డ్రైవరు కదలింపగల దానిని మాత్రమే హార్డ్‌వేరుగా లెక్కించు దృష్టినుండి పుట్టినది. కదలనిదియు హార్డ్‌వేరే. కదలనిదే ముఖ్యముగా వర్ణింపదగినది, ఏలయన కదలువానిని డ్రైవరు తానే ఎరుగును.

అదే చిప్పులో స్టాండ్‌బై యను మరియొక పిన్ను కలదు. దానిని పల్లము చేసినపుడు చిప్పు కునుకునో, పూర్తిగా ఆరిపోవునో నిర్ణయించునది, విచిత్రముగా, ఆ రేంజి పిన్నే: ఎత్తుగా నున్నచో స్టాండ్‌బై, పల్లముగా నున్నచో షట్‌డౌన్. పరిధికి సంబంధించినదని మనము పక్కన పెట్టిన పిన్నునకు విద్యుత్తు పొదుపులో ఇట్టి రెండవ కర్తవ్యము కలదని నేటి డ్రైవరును చూచి ఎవరు ఊహింపగలరు? నేటి డ్రైవరు నిద్రావస్థను పట్టించుకొనకపోవచ్చును. రేపు బ్యాటరీతో నడచు బోర్డుకొరకు ఎవరో పట్టించుకొందురు. ఆనాడు ఆ రెండు పిన్నులును వర్ణనలో సక్రమముగా నున్నచో అతని పని డ్రైవరులో నాలుగు పంక్తులు. లేనిచో అతడు ప్రతి బోర్డు తయారీదారును వెదకి సర్క్యూటు పటమును బ్రతిమాలవలెను. బిజీ పిన్ను కథయు నిట్టిదే. మార్పిడి మొదలైనపుడు అది ఎత్తై, ముగియగనే పడును. ఆ పడుటయే ఇంటరప్టు. పదేపదే అడిగి తెలిసికొను డ్రైవరునకు దానితో పనిలేకపోవచ్చును. అంతమాత్రమున తీగ లేదనుట చెల్లునా? తీగ ఉన్నది, ప్రాసెసరును చేరినది, బోర్డుపై రాగి రూపమున కంటికి కనబడుచున్నది. కెర్నెలు పత్రములలో బైండింగులు వ్రాయువారికొరకు నిలిపిన మార్గదర్శకము సరిగ్గా ఈ ఉదాహరణమునే తీసికొని, డ్రైవరు ఇంటరప్టును వాడకున్నను పరికరమునకు ఇంటరప్టు ఉన్నచో దానిని బైండింగులో చేర్చుడనియు, బైండింగులలో లినక్స్ పేరుగాని డ్రైవరు ప్రసక్తిగాని తేవలదనియు చెప్పుచున్నది. ఇది ఎవరో ఒక సమీక్షకుని చాదస్తమని కొట్టివేయువారు ఆ పత్రమును ఒకసారి తెరచి చూతురుగాక.

అవసరము వచ్చినపుడు చేర్చుకొందమను మాట వినుటకు వినయముగా నుండును. దానిలోని ప్రమాదము కాలముతోగాని తెలియదు. డివైస్‌ట్రీ వర్ణన బోర్డుతోబాటు ఫర్మ్‌వేరులో కూర్చుండి లోకమునకు వెళ్లిపోవచ్చును. అటుపిమ్మట వచ్చిన క్రొత్త కెర్నెలు ఆ పాత వర్ణనతోనే నడవవలెనన్నది ఈ రంగమున అంగీకృతమైన ధర్మము. కనుక నేడు వదలివేసిన సప్లైని రేపు తప్పనిసరి చేయుటకు వీలులేదు. చేసినచో నిన్నటి బోర్డులు చెడును. చేయనిచో ప్రతి డ్రైవరు అది ఉన్నచో నిట్లు, లేనిచో నట్లు అని రెండు దారులను యావజ్జీవము మోయవలెను. మొదటి దినమున తప్పనిసరిగా వ్రాయుటకు ఒక్క పంక్తి. రెండేండ్ల తరువాత ఐచ్ఛికముగా చేర్చుటకు ఎన్నటికిని తీరని ఋణము.

ఈ ఋణము ఎంత మొండిదో తెలియవలెనన్న బీగిల్‌బోన్ బోర్డులోని ఏఎమ్335ఎక్స్ ప్రాసెసరును చూడవలెను. దానిలోని 12 బిట్ల కన్వర్టరునకు ఎనిమిది ప్రవేశములు. వానిని టచ్‌స్క్రీనును, సామాన్య కొలతలును పంచుకొనును. ఆ టచ్‌స్క్రీను బైండింగులో కోఆర్డినేట్ అను మాటను అక్షరములు తారుమారు చేసి వ్రాసిరి. దోషమును కనుగొని సరిదిద్దిరి. కాని తప్పు వర్ణనతో బయటికి వెళ్లిన బోర్డులు ఉన్నవి గనుక, డ్రైవరు ముందు సరియైన పేరునకు వెదకి, దొరకనిచో ఆ తప్పు పేరునకే మరల వెదకవలసివచ్చినది. రెండక్షరముల స్థానభ్రంశమునకే ఇంత అనుబంధమైనచో, ఒక సప్లైని, ఒక పిన్నును, ఒక రెఫరెన్సును మరచిన బైండింగు ఎంత కాలము, ఎందరిచేత శ్రమ చేయించునో పాఠకులే ఊహింపవచ్చును.

ఇంకొక మాట. ఈ వర్ణనను చదువునది ఏ డ్రైవరు? నా డ్రైవరు అని రచయిత అనుకొనును. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి ఏడీఎస్1015 అను చిప్పునకు లినక్స్‌లోనే కొంతకాలము రెండు డ్రైవర్లుండెను: ఒకటి యంత్రాంతర్గత ఉష్ణ వోల్టేజులను కనిపెట్టు హెచ్‌డబ్ల్యూమాన్ వ్యవస్థలో, మరియొకటి ఐఐఓ వ్యవస్థలో. పారిశ్రామిక కొలతల కొరకు జానథన్ కామెరాన్ ఆరంభింపగా 2009లో కెర్నెలు స్టేజింగు విభాగమున ప్రవేశించి, 2012లో ప్రధాన విభాగమునకు ఎదిగిన ఈ ఐఐఓ వ్యవస్థయే నేడు కన్వర్టర్లకు తగిన నెలవు. తుదకు పాత డ్రైవరు తొలగినది. చిప్పు వర్ణన నిలిచినది. డ్రైవర్లు వచ్చును, పోవును. లినక్స్‌లోని డివైస్‌ట్రీ ఫైళ్లనే ఫ్రీబీఎస్‌డీ వారు తెచ్చుకొని వాడుకొనుచున్నారు. యూ-బూట్ బూట్‌లోడరు వాడుకొనుచున్నది. ఏసీపీఐతో నడచు యంత్రములు సైతము పీఆర్‌పీ0001 అను గుర్తింపుద్వారా ఈ బైండింగుల మాటలనే అరువు తెచ్చుకొనగలవు. వీరిలో ఎవరికిని లినక్స్‌లోని ఫలానా డ్రైవరు నేడు ఏమి చదువుచున్నదను విషయముతో పనిలేదు. అందరికిని కావలసినది బోర్డు ఎట్లున్నదను విషయమే.

కన్వర్టరు పిన్నుతోనే బోర్డు కథ ముగియదు. పన్నెండు వోల్టుల బ్యాటరీని కొలువదలచిన బోర్డు, ఆ వోల్టేజిని నేరుగా చిప్పునకు ఇచ్చినచో చిప్పు కాలిపోవును గనుక, నడుమ రెండు రెసిస్టర్లతో దానిని పంచి ఇచ్చును. వంద కిలోఓములు, ఇరువదిరెండు కిలోఓములు అనుకొందము. పన్నెండు వోల్టులు చిప్పు వద్దకు వచ్చుసరికి సుమారు 2.16 వోల్టులగును. కన్వర్టరు 2.16 అని చెప్పినది సత్యమే, కాని బ్యాటరీని గూర్చి అడిగినవానికి అది సత్యము కాదు. ఈ లెక్కను వినియోగించు ప్రోగ్రాములో గుణించుకొనవచ్చును, దానికొక వర్ణన ఏల యని ప్రతిపక్షులందురు. రెండవ ముద్రణ బోర్డులో తయారీదారు రెసిస్టరు విలువను మార్చినపుడు, ఒకే ప్రోగ్రాము రెండు బోర్డులపై నడువవలసివచ్చినపుడు, ఈ గుణకము ఏ బోర్డునకు ఏదియో ఆ ప్రోగ్రాము ఎట్లెరుగును? పైగా కొలతను వాడుకొనునది ఎల్లప్పుడు బయటి ప్రోగ్రాము కాదు. వేడి హద్దు మీరినచో ప్రాసెసరు వేగమును తగ్గించునది, తుదకు యంత్రమునే ఆపివేయునది కెర్నెలే. థర్మిస్టరుకు పైన కట్టిన రెసిస్టరు ఎన్ని ఓములో, దానికి ఎన్ని వోల్టులిచ్చిరో తెలియనిదే కెర్నెలు ఆ నిర్ణయము చేయజాలదు. అందుచేతనే వోల్టేజిని పంచు జతకు, కరెంటును కొలుచు షంట్ రెసిస్టరునకు, థర్మిస్టరునకు వేర్వేరు బైండింగులు ఏర్పడినవి. అవి వర్ణనలో కన్వర్టరునకు కేటాయించిన నోడునకు వెలుపల నిలిచి, దాని ఛానెలును తమ మూలముగా చూపుచు, ఓములను ఓములుగానే చెప్పును. బోర్డుపై నున్న రెసిస్టరు విలువ నోడులో చదివినవానికి కంటికి కనబడవలెను. ఇంతకంటె శుభ్రమైన పద్ధతి నాకు తోచదు.

ప్రతిపక్షుల దృష్టి ఒక దెస లోపమునకు దారితీసినట్లే, మరియొక దెస అతికి దారితీయుచున్నది. వర్ణన డ్రైవరు కొరకేయని నమ్మినవాడు డ్రైవరు వాడని తీగను వదలును; అదే నమ్మకముతో డ్రైవరునకు అనుకూలమైన ఇష్టాయిష్టములను వర్ణనలో కూరును. ఏడీఎస్1015 బైండింగులో ఛానెలునకు డేటా రేటును నిర్దేశించు వీలు చిరకాలముగా కలదు. సెకనుకు ఎన్నిసార్లు కొలువవలెననునది బోర్డు నిర్ణయమా? ఒకే బోర్డుపై ఒకడు నెమ్మదిగా మారు ఉష్ణమును కొలుచును, ఒకడు త్వరగా కదలు సంకేతమును కొలుచును. ఉదయము ఒకటి, సాయంకాలము ఒకటి కొలుచువాడును ఉండును. అది నడచు యంత్రము ముందు కూర్చున్నవాని హక్కు. దానికి ఐఐఓ వ్యవస్థలో సిస్‌ఎఫ్‌ఎస్ ద్వారములున్నవి. పాత బైండింగులలో నిలిచిపోయిన వానిని తీసివేయుమని నేననను, పైన చెప్పిన ధర్మమే అందుకు అడ్డు. క్రొత్తవానిలో చేర్చుటకు వానిని సాక్ష్యముగా చూపవలదని మాత్రమందును. రెండు ప్రవేశములు డిఫరెన్షియల్ జతగా కలుపబడినవా, ఒంటరిగా నున్నవా యనునది తీగల సంగతి, వర్ణనలో నుండవలెను. సంకేతము సున్నకు ఇరువైపుల ఊగునా, ఒకవైపుననేయా అనునది కన్వర్టరునకు ముందున్న సర్క్యూటు సంగతి, అదియు నుండవలెను. గెయిను విషయమున మాత్రము వివాదమునకు చోటున్నది. ముందున్న సర్క్యూటు ఒక్క గెయినునకే సరిపడునట్లు గీయబడినచోట అది బోర్డు ధర్మమని, తక్కినచోట్ల వినియోగించువాని ఇచ్ఛయని నా అభిప్రాయము.

భారమను వాదమునకు సమాధానము చెప్పి ముగింతును. డ్రైవరును ఉచితముగా వ్రాసి ఇచ్చువానిపై ఇంత వర్ణన మోపుట అన్యాయమనియు, అట్లు మోపినచో క్రొత్తవారు వెనుదిరుగుదురనియు అనేకులు బాధపడుచున్నారు. ఆ బాధను నేను తేలికగా తీసికొనను. కాని భారము ఎంతయో తూచి చూడవలెను. చిప్పు డేటాషీటులో పిన్నుల పట్టిక యుండును. డ్రైవరు వ్రాయువాడు ఆ డేటాషీటును ఇదివరకే ఆమూలాగ్రము చదివియుండును; చదువనిచో డ్రైవరే వ్రాసియుండడు. ఆ పిన్నుల విషయము అంత తాజాగా ఎరిగినవాడు ఆ క్షణమున లోకములో మరియొకడు లేడు. నెలలు గడచిన పిమ్మట అతనికే జ్ఞాపకముండదు. పిన్నుల పట్టికలోనుండి సప్లైలను, రీసెట్టును, ఇంటరప్టును, రెఫరెన్సును బైండింగునకు రూపమైన యామిల్ స్కీమాలోనికి ఎక్కించుట ఒక పూట పని. అందుకు బదులు అతడు వదలినదానిని మరియొకడు పూరించుటకు, డేటాషీటు మరల చదివి, పాత బోర్డులను చెడగొట్టకుండ దారి వెదకి, ఎన్నిసార్లు సవరించి పంపవలెనో ఆలోచింపుడు. భారము మాయమగుట లేదు. తెలిసినవాని భుజమునుండి తెలియనివాని భుజమునకు మారుచున్నది. స్కీమా పరీక్షలు ఉన్నవిగదా, అవి తప్పును పట్టుకొనవా యని కొందరడుగుదురు. అవి రూపమును పరీక్షించును: ఉండవలసిన గుణము ఉన్నదా, సంఖ్య ఉండవలసినచోట సంఖ్యయే ఉన్నదా యని. బైండింగు అసలు అడుగనే అడుగని పిన్నును గూర్చి పరీక్ష మౌనము వహించును. స్కీమా వ్రాసినవాని అజ్ఞానమును స్కీమా పట్టుకొనజాలదు.

హైదరాబాదు, బెంగుళూరు మొదలుకొని అమెరికా వరకు ఈ వృత్తిలో నున్న తెలుగు యువకులు అనేకులు; వారిలో కొందరు తమ మొదటి డ్రైవరుగా ఒక చిన్న కన్వర్టరునే ఎంచుకొందురు, అది చిన్నదగుటచేత. వారికి నా మనవి ఇంతే. ప్యాచ్‌ను పంపుటకు ముందు డేటాషీటులోని పిన్నుల పట్టికను పక్కన పెట్టుకొని, ఒక్కొక్క పిన్నునకు బైండింగులో చోటున్నదా యని చూడుడు. లేనిచో, చిప్పు పేరుతోనే అది సిద్ధించుచున్నదా యని ప్రశ్నించుకొనుడు. రెండును కానిచో, మీ డ్రైవరు దానిని చదివినను చదువకున్నను, నేడే వ్రాయుడు.